ముందు ఎవరు చూశారు

శనివారం, 8వ తేదీ

చేరాం. బస్సు నలభై నిమిషాలు ఆలస్యం. నాలుగు సంచులు ఎక్కించాం, నాలుగూ దింపాం. నేను లెక్కపెట్టాను కాబట్టి నాలుగు.

ఈయన బస్సు దిగుతూనే పొలాలకేసి తిరిగి, గుండెల నిండా గాలి పీల్చి, "చూశావా ఆ పచ్చదనం! కళ్లకి ఎంత హాయిగా ఉందో" అన్నారు. అటువైపు ఉన్నది కోతకొచ్చిన చేను. ఒక్క ఆకు కూడా పచ్చగా లేదు. సెలవు మొదటి రోజు కదా అని ఊరుకున్నాను.

ఈ సెలవు ఎవరి ఆలోచన అంటే, ఈయనతో పనిచేసే మహానుభావుడు ఎవరో చెప్పాడట, వారం రోజులు చెట్లనీ పిట్టల్నీ చూస్తూ కూర్చుంటే కళ్లు కొత్తవైపోతాయని. కళ్ల డాక్టరు మా వీధి చివరే ఉంటాడు. నడిస్తే నాలుగు నిమిషాలు. ఇక్కడికి బస్సులో ఐదు గంటలు. దూరం వెళ్తే గానీ వైద్యం పనిచేయదు కాబోలు.

పదిహేడో తేదీ సోమవారం ఈయనకి కంటి పరీక్ష. రైలు డ్రైవర్లందరికీ ఏటా చేసేదే. దాని గురించి ఇక్కడ రాయవలసిందేమీ లేదు.

గదిలో రెండు మంచాలు. ఒకటి పడుకుంటే కిర్రుమంటుంది, రెండోది లేస్తే కిర్రుమంటుంది. కిటికీ గడియ పడదు, కాగితం మడిచి పెట్టాను. అలమర తలుపు మూస్తే తెరుచుకోదు. స్నానాల గదిలో మగ్గుని గొలుసుతో గోడకి కట్టేశారు. ఐదు గంటలు ప్రయాణం చేసి వచ్చింది ఆ మగ్గు కోసమే అని ఎలా కనిపెట్టారో.

ఇంటావిడకి డెబ్బై దాటి ఉంటాయి. వసారాలో బల్ల మీద లావుపాటి పుస్తకం పెట్టింది. బసకి వచ్చినవాళ్లు తాము చూసిన పిట్టల్ని అందులో రాసి వెళ్లాలట. తెరిచి చూశాను. "ఒక పిట్ట. గోధుమరంగు. బాగుంది." "పొద్దున ఏదో కూసింది." "చాలా చూశాం, పేర్లు తెలియవు." ఇలా రాసే మనుషులు ఇళ్లెలా నడుపుతారో నాకు అర్థం కాదు. వెళ్లే రోజున అందులో ఎక్కించవచ్చు, ముందు నా నోటుపుస్తకంలో రాసుకుందామని గళ్లు గీశాను. పిట్ట పేరు. ఎన్ని. సమయం. చోటు. పేజీలో కుడివైపు కాస్త ఖాళీ మిగిలింది. ఖాళీ వదిలేయడం నాకు ఇష్టం ఉండదు. "ముందు ఎవరు చూశారు" అని ఐదో గడి గీశాను.

ఆదివారం, 9

ఆరున్నరకి బయలుదేరాం. ఈయన మెడలో ఎరువు తెచ్చిన బైనాక్యులర్, నా చేతిలో నోటుపుస్తకం, నీళ్లసీసా, గొడుగు, ఈయన చొక్కా జేబులో పట్టని సమస్తం.

"తలుపు వేశాను" అన్నాను.

"తలుపు వేశావు" అన్నారు.

"తాళం వేశాను."

"తాళం వేశావు."

వసారాలో కూర్చుని ఉన్న ఇంటావిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. "ఏవమ్మాయ్, మొగుడూ పెళ్లాలు పంజరంలో చిలకల్లా ఒకళ్లన్నది ఒకళ్లు అంటారేమిటి? నిన్నటి నుంచీ చూస్తున్నా."

"అది ఇంజన్ అలవాటు పెద్దమ్మా. ఇంజన్‌లో ఇద్దరుంటారు, డ్రైవరూ, ఆయన జోడీ. సిగ్నల్ కనిపించగానే ఒకళ్లు రంగు గట్టిగా చెప్పాలి. రెండోవాళ్లు చూసి అదే మళ్లీ చెప్పాలి. ఇద్దరి మాటా ఒకటైతేనే బండి ముందుకి. ఈయన ఇంటికొచ్చాక కూడా అది ఆగదు."

"ఎన్నేళ్లు?"

"పెళ్లయిన దగ్గర్నుంచీ. ఇరవై ఏడు."

"మరి రెండోవాళ్లు చూడకుండానే అనేస్తే?"

"తలుపే కదా పెద్దమ్మా" అన్నాను.

కాలవ గట్టు మీద పక్కగది ఆయన కలిశాడు. తలమీద టోపీ, ఒంటిమీద జేబుల కోటు. పదకొండు జేబులు. ఆయన నెమ్మదిగా తప్ప మాట్లాడడు, పిట్టలు ఉలిక్కిపడతాయని. భోజనాల బల్ల దగ్గర కూడా అలాగే మాట్లాడతాడని తర్వాత తెలిసింది. ఉప్పు అందించమంటే ఏదో రహస్యం చెబుతున్నాడనుకుని నేను దగ్గరికి వంగాను.

7.12కి తీగ మీద లకుముకి పిట్ట. "నీలం. తీగ మీద. ఎడమ స్తంభం దగ్గర" అన్నాను.

"నీలం. తీగ మీద. ఎడమ స్తంభం" అన్నారు ఈయన, బైనాక్యులర్‌ని కుడి స్తంభం వైపు తిప్పి. అక్కణ్ణుంచి ఎడమకి వచ్చేసరికి పిట్ట నీళ్లలోకి దూకి, చేపని పట్టుకుని, అవతలి చెట్ల మీదికి పోయింది. ఖాళీ తీగని చూస్తూ ఈయన "అద్భుతం" అన్నారు. రెండు నిమిషాల పాటు అంటూనే ఉన్నారు. అంత మెచ్చుకోలు ఆ తీగకి ఎప్పుడూ దక్కి ఉండదు.

ఐదో గడిలో: నేను.

మిగతావీ అంతే. పిచ్చుకలు, నేను. గోరింకలు, నేను. పేరు తెలియని పసుపు పొట్ట పిట్ట, నేను. మొదటి రోజు కదా, ఈయనకి బైనాక్యులర్ ఇంకా అలవాటు కాలేదు.

సోమవారం, 10

కాకులు, 14. ముందు చూసినవారు: ఈయన. పద్నాలుగూ గొంతు చించుకుని అరిచాయి.

మంగళవారం, 11

చెరువు దగ్గరికి వెళ్లాం, టోపీ ఆయన కూడా వచ్చాడు. గట్టు మీద ముగ్గురం బారుగా కూర్చున్నాం. ఎవరూ మాట్లాడకూడదు. నేను పెన్ను మూత తీసిన చప్పుడుకి కూడా ఆయన పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

6.50. ఈ సెలవులో మొదటిసారి ఈయన నాకంటే ముందు అన్నారు. "కొంగ! తెల్లది. ఒంటికాలి మీద. అవతలి గట్టుకి కాస్త ఇవతల."

ఎంత సంబరంగా అన్నారంటే నా నోరు దానంతటదే, "కొంగ. తెల్లది. ఒంటికాలి మీద" అనేసింది. అన్న తర్వాత చూశాను.

టోపీ ఆయన గొంతు తగ్గించి, "ఎక్కడమ్మా?" అన్నాడు.

"అదిగో సార్, ఎదురుగా" అన్నారు ఈయన.

"అది... చెరువులో నీళ్లు ఎంత లోతున్నాయో చూసుకునే కర్రండీ. తెల్లరంగు వేశారు. నిలువునా అంకెలున్నాయి చూడండి."

"కర్ర నాకూ కనిపిస్తోంది. కొంగ దాని పక్కన ఉండింది. మీరు చూసేలోపు ఎగిరిపోయింది."

టోపీ ఆయన నావైపు తిరిగాడు. "మీరు కూడా చూశారామ్మా?"

"చూశాను" అన్నాను.

"ఏ వైపుకి ఎగిరింది?"

"అటు" అని ఒక వైపు చూపించాను. ఈయన అదే సమయంలో ఇంకో వైపు చూపించారు. టోపీ ఆయన మర్యాదస్తుడు. రెండు వైపులా చూసి తల ఊపాడు.

నోటుపుస్తకంలో రాశాను. కొంగ, ఒకటి, 6.50, చెరువు. ముందు చూసినవారు: ఈయన. నా జన్మలో తప్పుడు లెక్క రాయడం ఇదే మొదటిసారి అని కింద రాయబోయి ఆగాను.

మధ్యాహ్నం భోజనం అయ్యాక, ఈయన కిర్రుమనే మంచం మీద పడుకున్నాక, ఇప్పటిదాకా చూసినవన్నీ కూడిక వేశాను. మొత్తం నలభై ఒకటి. ముందు నేను చూసినవి ఇరవై నాలుగు. ఈయన చూసినవి పదిహేడు. పర్వాలేదు, మరీ అంత తేడా లేదు అనుకున్నాను. తర్వాత ఆ పదిహేడూ ఏమిటా అని విడదీశాను. కాకులు పద్నాలుగు, అవి అరిచాయి. వడ్రంగి పిట్ట ఒకటి, అది చెట్టుని టకటకలాడించింది. కోడిపుంజు ఒకటి, అది ఇంటావిడది, గోడవతల కూసింది, అదీ పిట్టే కదా రాయమని ఈయన పట్టుబట్టారు. కొంగ ఒకటి.

అంటే మూడు రోజుల్లో ఈయన కళ్లతో చూసింది మొత్తం మీద ఒక కర్ర.

దీని అర్థం నా చూపు చురుకని. అంతకంటే ఏమీ లేదు.

బుధవారం, 12

ఈ రోజు జోడీకి కంటి పరీక్ష. ఈయనతో ఎనిమిదేళ్లుగా ఒకే ఇంజన్ ఎక్కుతున్న మనిషి. యాభైకి దగ్గర పడుతున్నాడు. నన్ను వదినా అంటాడు, మా ఇంట్లో గరిటె ఎక్కడుంటుందో కూడా తెలుసు. పరీక్షకి అతని వంతు ఎప్పుడూ ఈయన కంటే ముందే వస్తుంది.

రాయనవసరం లేదని శనివారం రాశాను. ఇవాళ రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం.

నిరుడు ఆ పరీక్ష గదిలో గోడ మీద ఉండే అంకెల పలకని జోడీ బట్టీపట్టి వచ్చాడు. ఆ సాయంత్రం ఫోన్లో చెప్పాడు. నేను రాసుకున్నాను. ఎనిమిది వరుసలు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది, పైగా ఈయన చదువుకోవడానికి వీలుగా వేలెడంత అంకెలు వేశాను. పది రోజులు కూరగాయలు తరుగుతూ అప్పజెప్పించుకున్నాను. "ఐదో వరుస?" "మూడు, ఎనిమిది, రెండు, తొమ్మిది, ఐదు." ఒక అంకె తప్పితే మళ్లీ మొదటి వరుస నుంచి. నేను ఎంత నిక్కచ్చి మనిషినో ఈయనకి తెలుసు. పరీక్షలో నెగ్గి, మిఠాయి పొట్లంతో ఇంటికి వచ్చారు. "ఇది నీదే" అన్నారు.

నేను దానికి సాయం అని పేరు పెట్టుకున్నాను. ఉద్యోగం ఇంకెంత, మూడేళ్లు. కళ్లు అలసిపోయాయి, అంతే. పరీక్ష తప్పితే ఇంజన్ దింపేసి, ఆఫీసు వెనక గదిలో మిగతా డ్రైవర్లకి జెండాలూ లాంతర్లూ అప్పగించే బల్ల దగ్గర కూర్చోబెడతారు. ముప్ఫై ఏళ్లు బండి నడిపిన మనిషి జెండాలకి సంతకాలు పెట్టించుకుంటూ కూర్చోవడం నేను చూడలేననుకున్నాను.

ఈ ఏడు పలక మార్చారట. జోడీ కొత్త అంకెలు నేర్చుకుని రేపు ఫోన్ చేస్తాడు. నోటుపుస్తకంలో ఇంకా చాలా పేజీలున్నాయి.

అదే రోజు, మధ్యాహ్నం

పొద్దున చేల గట్ల మీద నడుస్తూ రైలు పట్టాల దాకా వెళ్లాం. నేను కావాలని తీసుకెళ్లలేదు. దారి అటు పోతోంది.

గేటు పడి ఉంది. అవతల గూడ్సు బండి ఆగి ఉంది. ఇంజన్‌కి ఎదురుగా, మాకు సూటిగా, సిగ్నల్ స్తంభం. సమయం 10.10. ఎండ బాగా ఉంది, మబ్బు లేదు, పొగమంచు లేదు. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే తర్వాత నేనే ఏదో ఒకటి కల్పించుకుంటానని.

ఈయన ఆగి సిగ్నల్‌కేసి చూశారు. ఏమీ అనలేదు. నేనూ చూశాను. ఏదో అనబోయాను. పిట్టల దగ్గర, తలుపుల దగ్గర, వీధి దాటేటప్పుడు, ఎప్పుడూ అనేదాన్ని. ఈయన తల నావైపు కొంచెం వాల్చి ఉన్నారు. ఎదురుచూస్తున్నారు. ఎన్నాళ్ల నుంచి ఇలా తల వాల్చి నిలబడుతున్నారో నాకు అప్పుడు తెలిసింది.

నేను నోరు మూసుకున్నాను.

పది లెక్కపెట్టాను. ఇరవై లెక్కపెట్టాను.

"పచ్చ" అన్నారు.

ఎర్ర లైటు. నేను తిరిగి అనలేదు.

"పచ్చ" అన్నారు ఇంకాస్త గట్టిగా.

"బండి ఆగి ఉంది కదండీ."

"ఇప్పుడే పడింది. కదులుతాడు చూడు."

10.18. "డ్రైవరు కునుకు తీస్తున్నట్టున్నాడు."

10.26. "ఈ కాలం వాళ్లకి పని మీద ధ్యాసే లేదు. మా రోజుల్లో అయితే పై అధికారి తోలు తీసేవాడు."

10.33. ఆ బండి డ్రైవరు ఇంజన్ మెట్ల మీదికి వచ్చి, ఒళ్లు విరుచుకుని, సీసాలో నీళ్లు తాగి, పుక్కిలించి, లోపలికి వెళ్లాడు. సిగ్నల్ స్తంభం మీద ఒక గద్ద వాలింది. ఎర్ర లైటుకి మూరెడు పైన. అంత పెద్ద గద్దని ఇంత దగ్గరగా చూసినందుకు టోపీ ఆయన పదకొండు జేబులూ ఇచ్చేసేవాడు. ఈయన చూడలేదు. నేను చెప్పలేదు.

10.40. ఈయన ఏమీ అనలేదు. నిలబడే ఉన్నారు. పోదామని నేను అనలేదు, వారూ అనలేదు.

10.47. సిగ్నల్ పచ్చగా మారింది. ఈయన కళ్లు సూటిగా దానిమీదే ఉన్నాయి. ముఖంలో ఏ మార్పూ లేదు. గద్ద లేచిపోయింది. ఇంజన్ కూత వేసింది. అప్పుడు ఉలిక్కిపడ్డారు.

ముప్ఫై ఏడు నిమిషాలు.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో అడిగారు. "నువ్వెందుకు అనలేదు?"

"మీరు అన్నారుగా."

"ఎప్పుడూ నువ్వే ముందు అంటావు."

"ఇంజన్‌లో నేనుండను."

బస మెట్లెక్కుతూ, "జోడీ ఉంటాడు" అన్నారు.

గురువారం, 13

జోడీ ఫోన్ చేశాడు. ఈయన కాలవ గట్టుకి వెళ్లి ఉన్నారు, టోపీ ఆయనతో.

"వదినా! పిట్టలేమంటున్నాయి?"

"లెక్కకి అందుతున్నాయి. నీ పరీక్ష ఏమైంది?"

"గట్టెక్కాను. మొత్తం మార్చి పారేశారు, ఒక్క అంకె కూడా పాతది లేదు. రాత్రి నుంచీ జపం చేస్తున్నా, మర్చిపోతానేమోనని మా ఆవిడతో కూడా మాట్లాడలేదు. తొందరగా రాసుకో. మొదటి వరుస..."

"ఆగు మరిదీ. ఒకటి అడుగుతాను, చెప్పు. ఇంజన్‌లో సిగ్నల్ రంగు ముందు ఎవరు చెబుతారు?"

"అన్నయ్యే. రూలు అదే కదా."

"నేను రూలు అడగలేదు."

అటువైపు గొంతు సవరించుకోవడం వినిపించింది. "ఈ మధ్య నేనే చెబుతున్నాలే. నా గొంతు పెద్దది కదా."

"ఈ మధ్య అంటే?"

"నిరుడు వానల దగ్గర్నుంచీ."

"నేను చెప్పింది ఈయన చూసి అంటారా, విని అంటారా?"

"నువ్వు చెప్పింది కాదుగా వదినా, నేను చెప్పింది."

"అదే."

"...విని."

"నీకు తుమ్ము వస్తే?"

"రాలేదు వదినా ఇంతవరకూ." నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఇంకెంత, రెండేళ్లు. నేను కళ్లు తెరుచుకునే ఉంటాగా. అన్నయ్యని దింపేస్తే నన్ను ఏ ముక్కోపి పక్కన పడేస్తారో. ఆదివారం సాయంత్రం బండి మనదే. పద్దెనిమిది పెట్టెలు."

"నిండుతాయా?"

"ఆదివారం కదా. తలుపుల దగ్గర వేలాడతారు. సరే రాసుకో, మొదటి వరుస ఏడు..."

"పెన్ను రాయడం లేదు" అని ఫోన్ పెట్టేశాను.

పెన్ను చక్కగా రాస్తోంది. ఇది దానితోనే రాస్తున్నాను.

ఇంకో సంగతి కూడా రాస్తాను. ఫోన్ పెట్టేశాక ఆరు నిమిషాల పాటు నన్ను ఒక ఆలోచన పట్టుకుంది. మళ్లీ ఫోన్ చేసి అంకెలన్నీ రాసుకుని, ఐదో వరుసలో ఒకటి, ఆరులో ఒకటి మార్చి ఈయనకి నేర్పించవచ్చు. శ్రద్ధగా అప్పజెప్పించుకోవచ్చు. సోమవారం తప్పుతారు. నాకు మచ్చ లేదు, ఇంట్లో గొడవ లేదు, మొత్తం నేరం పలక మీదికి పోతుంది. చక్కటి ఏర్పాటు. ఒక్కటే లోపం. ఆదివారం సోమవారం కంటే ముందు వస్తుంది.

సాయంత్రం వసారాలో చెప్పాను. "జోడీ ఫోన్ చేశాడు. అంకెలు రాసుకోలేదు."

"రేపు మళ్లీ చేస్తాడులే."

"రేపూ రాసుకోను."

అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. తర్వాత ఒంటికాలి మీద లేచారు. ఈ సెలవులో నాకు నిజంగా కనిపించిన కొంగ అదొక్కటే.

"నన్ను జెండాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోమంటావా?"

"కళ్లు చూపించుకోమంటున్నాను."

"నా కళ్లకేం? ఆ దారిలో ప్రతి మలుపూ, ప్రతి వంతెనా నాకు నోటికొచ్చు. పట్టాల చప్పుడు విని ఏ ఊరు దాటామో చెబుతాను."

"సిగ్నల్ నోటికి రాదుగా. అది చప్పుడు చేయదుగా."

"పెద్ద చెప్పొచ్చావు! నిరుడు రాసిచ్చింది ఎవరు? అప్పజెప్పించుకుంది ఎవరు? అప్పుడు ఏమైంది ఈ నీతి?"

ఇంటావిడ లోపల గిన్నెలు సర్దడం మానేసింది. గోడలు పలచన.

"నేనే" అన్నాను. "ఏడాదిగా మీ బండి నడుస్తున్నది నా చేతిరాత మీద. నిన్న ముప్ఫై ఏడు నిమిషాలు నిలబడి ఆ లెక్కే వేసుకున్నాను. ఆదివారం మీరు ఇంజన్ ఎక్కేటట్టయితే చెప్పండి. నేనూ అదే బండి ఎక్కుతాను. మొదటి పెట్టెలో."

లోపలికి వెళ్లారు. తలుపు వేశానని కూడా అనలేదు.

శుక్రవారం, 14

మాటల్లేవు.

ఇంటావిడ: "చిలకలకి ఏమొచ్చిందమ్మాయ్?"

పొద్దున ఒక్కరే ఎటో వెళ్లి, రెండు గంటల తర్వాత మోకాలి దాకా బురదతో వచ్చారు. నేను అడగలేదు. ప్యాంటు ఉతికి తీగ మీద ఆరేశాను. టోపీ ఆయన నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా, ఈయన పొద్దున పట్టాల దగ్గర గేటు పక్కన కూర్చుని ఉన్నారనీ, పలకరిస్తే, "ఆ సిగ్నల్ ఏ రంగులో ఉంది సార్?" అని అడిగారనీ చెప్పాడు. తను రంగు చెప్పాడట. సిగ్నల్ మళ్లీ మారాక అడిగారట. అలా ఐదుసార్లు.

"పందెం ఏమన్నా కాశారా అమ్మా?" అన్నాడు.

"అలాంటిదే" అన్నాను.

పిట్టలు: లెక్కపెట్టలేదు.

శనివారం, 15

సంచులు నాలుగూ కట్టేశాను. పదకొండుకి బస్సు. వసారాలో కూర్చుని నోటుపుస్తకంలోవి ఇంటావిడ పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. ఒక్కోటీ పైకి చదువుకుంటూ రాయడం నా అలవాటు. ఈయన మెట్ల మీద నాకు వీపు పెట్టి కూర్చున్నారు.

"లకుముకి పిట్ట, ఒకటి. గోరింకలు, ఆరు. వడ్రంగి పిట్ట, ఒకటి. కొంగ..."

"కొంగ రాయకు" అన్నారు. గురువారం తర్వాత మొదటి మాట.

నేను పెన్ను ఎత్తి పట్టుకున్నాను.

"అది కర్రే. నాకు తెలుసు. అంటే, అనేశాక తెలిసింది. నువ్వు మళ్లీ అన్నావు కదా, అయితే కొంగే అయి ఉంటుందనుకున్నాను." వీపు అలాగే ఉంది. "నువ్వంటే నిజమే అయి ఉంటుందనుకుంటాను."

ఇరవై ఏడేళ్లలో ఈయన నాకిచ్చిన అతి పెద్ద మెప్పు అది, నా ఖర్మకి ఇలాంటి చోట వచ్చింది.

"ఫోను ఇలా ఇవ్వు" అన్నారు.

నొక్కారు. అవతల ఒక దర్జీ. "గురువారం రమ్మన్నాం కదండీ, ఇంకా కత్తెర కూడా పడలేదు" అని కసిరాడు. మళ్లీ నొక్కారు. మళ్లీ దర్జీయే. ఈసారి దర్జీ భాష కొంచెం మారింది.

"నేను చేయనా?"

"వద్దు. ఆఫీసు నంబరు చెప్పు. ఒక్కొక్కటి."

చెప్పాను. నేనన్న అంకెని తిరిగి అంటూ, వేలితో తడుముకుని నొక్కారు. ఏ వరుసా కాని వరుస, పది అంకెలు. ఒక్కటీ తప్పలేదు. ఈయన చెవి దగ్గర పెట్టుకోకుండా ఫోన్‌ని మా ఇద్దరి మధ్యా మెట్టు మీద పెట్టారు, నేను వినడానికి.

డ్యూటీలు వేసే గుమాస్తా ఎత్తాడు. "ఏం గురూగారూ! సెలవులో కూడా మమ్మల్ని వదలరా? రేపు సాయంత్రం బండి గుర్తుందిగా?"

"అది చెప్పడానికే చేశాను. రేపు నన్ను బండి ఎక్కించకు. వేరే వాళ్లని వెయ్యి."

"ఒంట్లో బాగాలేదా?"

"నాకు సిగ్నల్ కనిపించడం లేదు."

గుమాస్తా నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. "అంటే... మంచులోనా? వానలోనా?"

"ఎండలో."

"ఎప్పటి నుంచి?"

ఈయన ఫోన్‌కి దగ్గరగా వంగారు. "రాసుకో. నిరుడు వానల నుంచి."

"గురూగారూ, ఇది నేను రాసుకుంటే పైకి వెళ్తుంది. నిరుడు పరీక్ష ఎలా నెగ్గారని అడుగుతారు."

"అడగనీ. నేను చెప్పాల్సింది నేను చెబుతాను."

"నేనూ చెబుతాను" అన్నాను. ఫోన్‌లో వినపడేంత గట్టిగానే అన్నాను. ఈయన వద్దన్నట్టు చెయ్యి ఊపారు, ఆ చెయ్యి నా భుజానికి తగిలి అక్కడే ఆగింది.

"సోమవారం పరీక్షకి వస్తారా మరి?"

"వస్తాను. ఈసారి చదువుకోకుండా వస్తాను."

అటువైపు కాగితం మీద పెన్ను కదులుతున్న చప్పుడు. ఆ గుమాస్తా చెడ్డవాడు కాదు. ముప్ఫై ఏళ్లుగా ఈయన్ని చూస్తున్నవాడు. "పోనీలెండి గురూగారూ" అన్నాడు చివరికి. "వారం రోజులు హాయిగా ఉన్నారుగా. పిట్టలైనా బాగా కనిపించాయా?"

ఈయన నావైపు తిరిగారు. ఎండకి కళ్లు చికిలించుకుని, నా ముఖం ఉండే చోటుకే సూటిగా చూశారు.

"మా ఆవిడకి కనిపించాయి" అన్నారు.